పాత పెట్రోల్ పంపు విలువ ఎంత?

పెట్రోల్ బంకులో బండి ఆపగానే "జీరో చూసుకోండి" అంటారు. మనం తెర మీద సున్నా చూసి తలూపుతాం. వందేళ్ల కిందట అమెరికాలో కారు యజమానులు ఇదే నమ్మకం కోసం ఒక గాజు పాత్ర వైపు చూసేవారు. ఆనాటి పంపులను నేడు సేకరించి, బాగుచేసి, భద్రపరచేవారు ఉన్నారు. ఆ పనిలో మనం నేర్చుకోదగిన సంగతులు చాలా ఉన్నాయి.

1885లో ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో సిల్వానస్ బౌజర్ అనే ఆయన కిరోసిన్ కొలిచి పోసే పంపును ఒక దుకాణదారుకు అమ్మాడు. తరువాత కార్లు వచ్చాయి, పెట్రోల్‌కూ పంపులు వచ్చాయి. విమానాశ్రయాల్లో ఇంధనం మోసే వాహనాన్ని నేటికీ 'బౌజర్' అనడం ఆయన పేరు నుంచి వచ్చిందే.

ఇనుప పెట్టె లోపల ఎంత పెట్రోల్ కొలుస్తున్నారో కొనేవారికి కనిపించేది కాదు. అందుకే 1920లలో గాజు స్తంభం పంపులు బాగా వ్యాపించాయి. చేతి మీటను ముందుకూ వెనక్కూ లాగితే భూమిలోని ట్యాంకు నుంచి పెట్రోల్ పైనున్న గాజు పాత్రలోకి ఎక్కేది. అందులో గ్యాలన్ల అంకెలు ఉండేవి. చాలా పంపుల్లో 10 గ్యాలన్లు, అంటే సుమారు 38 లీటర్లు పట్టేది. తరువాత గొట్టం తెరిస్తే గురుత్వాకర్షణ వల్ల పెట్రోల్ కారులోకి దిగేది.

ఇక్కడ ఒక చిన్న లెక్క చేద్దాం. 38 లీటర్ల పెట్రోల్ బరువు సుమారు 28 కిలోలు. దాన్ని 4 మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే 28 × 9.8 × 4, అంటే దాదాపు 1,100 జౌళ్ల పని జరగాలి. ఆ పనంతా చేసింది బంకు కుర్రవాడి చేయి! 1930లలో పరిమాణాన్నీ ధరనూ చక్రాల మీద చూపించే పంపులు రావడంతో గాజు స్తంభాలు మూలపడ్డాయి.

అలాంటి పంపు తుప్పుపట్టి దొరికితే ముందుగా ఫొటోలు తీయాలి. తయారీదారు పేరు, వరుస సంఖ్య ఉన్న రేకును కదపకుండా రాసుకోవాలి. విప్పిన ప్రతి భాగానికీ చీటీ కట్టాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు కనుక పొడిగా గీకితే ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. లోపల పెట్రోల్ ఆవిరి మిగిలి ఉండవచ్చు కనుక నిప్పురవ్వ దగ్గరికి రాకూడదు. ఈ పని పెద్దల పర్యవేక్షణలోనే జరగాలి. బాగుచేసిన పంపులో ప్రదర్శన కోసం రంగునీళ్లు పోస్తారే గాని పెట్రోల్ పోయరు.

మరి విలువ సంగతి? మెరుపు ఎక్కువైతే ధర ఎక్కువ అనుకుంటాం. కాని అసలు రంగు కొంతైనా నిలిచిన పంపును, కొత్త రంగు పూసినదానికన్నా ఎక్కువగా కోరుకునే సేకర్తలు ఉన్నారు. ఒకసారి గీకేసిన పాత రంగు మళ్లీ రాదు. పంపు నెత్తిన వెలిగే గాజు గోళం అసలుదైతే ఎంతో విలువైనది. అచ్చం అలాగే కనిపించే కొత్త గోళాలూ అమ్ముతారు. కొత్తది పెట్టడం తప్పు కాదు, దాన్ని పాతదని చెప్పి అమ్మడం మోసం. ఏ భాగం అసలుదో, ఏది కొత్తదో రాసి ఉంచిన కాగితం కూడా ఆ పంపు విలువలో భాగమే.

కొలతను కళ్లారా చూసే హక్కు మనకూ ఉంది. మన దేశంలో ప్రతి బంకులోనూ ముద్ర వేసిన 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. అనుమానం వస్తే అందులో పోసి చూపించమని అడగవచ్చు. ఈసారి ఇంట్లోవాళ్లతో బంకుకు వెళ్లినప్పుడు ఆ పాత్ర ఎక్కడుందో గమనించండి.