పాయింట్ల అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: నంద్యాల ఎండలో నిలబడుతుందా?

ఫోన్‌కి ఫ్లిప్ కవర్ మూస్తే స్క్రీన్ దానంతట అదే ఆఫ్ అవుతుంది కదా. కవర్‌లో చిన్న అయస్కాంతం, ఫోన్ లోపల హాల్ సెన్సర్. సరిగ్గా అదే సూత్రంతో పనిచేసే సెన్సర్‌ని 1489 సీసీ పాత పెట్రోల్ అంబాసిడర్ డిస్ట్రిబ్యూటర్‌లో పెట్టి, అక్కడున్న పాయింట్లను తీసేయొచ్చు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ కన్వర్షన్ అంటే ఇంతే. మీది డీజిల్ అంబాసిడర్ అయితే ఇక్కడే ఆగిపోవచ్చు, దానికి స్పార్కే అక్కర్లేదు. ప్రీమియర్ పద్మిని ఉంటే మాత్రం చదవండి. లెక్క అదే, డిస్ట్రిబ్యూటర్ వేరు.

ముందు పాయింట్లు ఏం చేస్తాయో చూద్దాం. ఇగ్నిషన్ కాయిల్‌లో రెండు చుట్టలుంటాయి. మొదటి చుట్టలోకి బ్యాటరీ కరెంటు వెళ్తుంది. పాయింట్లు మూసి ఉన్నంతసేపూ కాయిల్ నిండుతుంది. డిస్ట్రిబ్యూటర్ మధ్యలో తిరిగే కామ్ పాయింట్లను విడదీయగానే కరెంటు ఆగిపోతుంది, కాయిల్‌లోని అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా కూలిపోతుంది. దాంతో రెండో చుట్టలో 20 వేల వోల్టులకు పైగా పుట్టి ప్లగ్ దగ్గర స్పార్క్ పడుతుంది. అంటే స్పార్క్ వచ్చేది స్విచ్ వేసినప్పుడు కాదు, తీసినప్పుడు. ఈ పద్ధతిని 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కాడిలాక్ కార్ల కోసం తయారుచేశాడు. మన పాత బుల్లెట్లలో ఉన్నదీ ఇదే కుటుంబం.

ఈ స్విచ్ మీద ఎంత పని పడుతుందో లెక్కేద్దాం. ఇంజిన్ 3000 ఆర్‌పీఎం మీద ఉంటే డిస్ట్రిబ్యూటర్ అందులో సగం, అంటే నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. ఒక్కో చుట్టుకి 4 స్పార్కులు. మొత్తం నిమిషానికి 6000, సెకనుకి 100. ఒక్కో స్పార్క్‌కి దొరికేది 10 మిల్లీసెకన్లు. కామ్ తిరిగే ప్రతి 90 డిగ్రీల్లో దాదాపు 60 డిగ్రీలు పాయింట్లు మూసి ఉంటాయి, కాబట్టి కాయిల్ నిండడానికి 6.7 మిల్లీసెకన్లే. నంద్యాల నుంచి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ దాకా హైవే మీద ఓ ముప్పావు గంట నడిపితే ఆ చిన్న లోహపు ముక్కలు రెండున్నర లక్షల సార్లకు పైగా కొట్టుకుంటాయి. కీబోర్డ్ స్విచ్‌కి కోట్ల క్లిక్కుల రేటింగ్ చూసి కొనే మనం ఈ పాత స్విచ్‌కి దణ్ణం పెట్టాలి.

అరుగుదల రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి, పాయింట్ల ముఖాలు కాలి గుంటలు పడటం. కండెన్సర్ పాడైతే ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. రెండోది కంటికి కనపడదు: కామ్‌కి రాసుకునే ఫైబర్ ముక్క అరిగి గ్యాప్ తగ్గిపోతుంది. గ్యాప్ తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగ్ కొద్దికొద్దిగా వెనక్కి పోతుంది. ఒక్కరోజులో తేడా తెలియదు. నెలలు గడిచాక పికప్ పోయింది, ఇంజిన్ వేడెక్కుతోంది అంటూ కార్బరేటర్ విప్పుతారు. దాని తప్పేమీ ఉండదు పాపం.

ఎలక్ట్రానిక్ కిట్‌లో ఈ రాపిడి ఉండదు. రోటర్ కింద నాలుగు అయస్కాంతాల రింగు, పక్కన చిన్న మాడ్యూల్. అయస్కాంతం ఎదురుగా వచ్చిందని సెన్సర్ గుర్తిస్తే లోపలి ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటును కత్తిరిస్తుంది. క్రైస్లర్ 1973 మోడళ్ల నుంచే అమెరికాలో తన కార్లన్నింటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఇచ్చింది, కాబట్టి ఇదేమీ కొత్త టెక్నాలజీ కాదు.

కిట్ డబ్బా మీద రాసే మాటలు మాత్రం సగమే నమ్మండి. పాయింట్లు సరిగ్గా సెట్ అయి ఉన్న కారుకి కిట్ వేస్తే మైలేజీ చెప్పుకోదగ్గంత పెరగదు, పవర్ పెరగదు. కాయిల్ అదే కదా. వచ్చే లాభం ఒక్కటే: ఈరోజు పెట్టిన టైమింగ్ ఏడాది తర్వాత కూడా దాదాపు అక్కడే ఉంటుంది.

మరి మనకి అవసరమా? పాత మెకానిక్‌లు చెప్పే అభ్యంతరం చాలా బలమైనది. పాయింట్లు దారిలో మొరాయిస్తే స్క్రూడ్రైవర్, ఉప్పుకాగితం ముక్క ఉంటే రోడ్డు పక్కనే బాగుచేసుకోవచ్చు. మాడ్యూల్ చస్తే చచ్చినట్టే, ముందస్తు హెచ్చరిక కూడా ఉండదు. శిరివెళ్ల దాటాక మిట్టమధ్యాహ్నం అలా జరిగితే కొరియర్ వచ్చేదాకా కారు అక్కడే. కానీ పి.వి. నరసింహారావు నంద్యాల ఎంపీగా ఉన్న రోజులు కావివి. అప్పట్లో అంబాసిడర్ తెలిసిన చెయ్యి ఏ షెడ్‌లోనైనా దొరికేది. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. ఫీలర్ గేజ్ పట్టి గ్యాప్ సెట్ చేసే తరం రిటైర్ అయిపోతోంది, ఇప్పుడు షెడ్‌లో ఉన్న కుర్రాళ్లు స్కానర్‌తో పెరిగినవాళ్లు. పైగా ఈమధ్య దొరికే కండెన్సర్లలో నాసిరకం ఎక్కువ. కాబట్టి పాయింట్లు సులువుగా రిపేర్ అవుతాయన్న మాట, ఆ రిపేర్ మీకే వస్తేనే నిజం. నా ఓటు కిట్‌కే, కానీ పాయింట్ల ప్లేటు, కండెన్సర్ డ్యాష్‌బోర్డు అరలో ఉండాలన్న షరతు మీద.

కొనేముందు మూడు చూసుకోండి. డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద ఉన్న నంబర్‌ని బట్టే కిట్ ఎంచుకోవాలి, కారు పేరు చూసి కాదు. బ్యాటరీలో ఏ కొస బాడీకి ఎర్త్ అయిందో చూడండి. బ్రిటిష్ డిజైన్ పాత కార్లలో ప్లస్ ఎర్త్ ఉండేవి కూడా ఉన్నాయి, తేడా వస్తే మాడ్యూల్ క్షణంలో పోతుంది. మూడోది అన్నిటికంటే ముఖ్యం, కాయిల్. వైర్లు విడదీసి ప్లస్, మైనస్ మధ్య మల్టీమీటర్ పెట్టండి. ఈ రకం కిట్లకి సాధారణంగా 3 ఓమ్‌ల దగ్గర ఉండాలి. 12 వోల్టులకి 3 ఓమ్‌లంటే 4 ఆంపియర్లు. కాయిల్ 1.5 ఓమ్‌లదై, బ్యాలస్ట్ రెసిస్టర్ లేకపోతే కరెంటు 8 ఆంపియర్ల దాకా పోతుంది. కిట్ మంచిది కాదని తిట్టుకునేవాళ్లలో చాలామంది ఈ కొలత తీసుకోనివాళ్లే.

బిగించడం అరగంట పని. పాయింట్లు, కండెన్సర్ తీసేసి మాడ్యూల్ ప్లేటు బిగించాలి, రింగు కామ్ మీద గట్టిగా కూర్చోబెట్టాలి. ఎర్ర వైరు కాయిల్ ప్లస్‌కి, నల్ల వైరు మైనస్‌కి. ప్లగ్ వైర్లు ఒట్టి రాగి తీగవైతే రెసిస్టెన్స్ ఉన్న రకానికి మార్చండి. లేకపోతే ఆ విద్యుత్ గోల సెన్సర్‌ని తికమక పెడుతుంది. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 మారదు. టైమింగ్ మాత్రం మళ్లీ పెట్టాల్సిందే, ఎందుకంటే పాయింట్లు తెరుచుకున్న చోటే మాడ్యూల్ ట్రిగ్గర్ కాదు. విప్పకముందు డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ ఇంజిన్ బ్లాక్‌కీ కలిసేలా తెల్ల పెయింట్ గీత పెట్టండి. కొత్త టైమింగ్ కుదిరాక ఎర్ర గీత. తెల్ల గీత ఎందుకో చివర్లో తెలుస్తుంది.

ఇక ఎండ. మేలో నంద్యాలలో 43, 44 డిగ్రీలు కొత్త కాదు, బానెట్ కింద ఇంకా ఎక్కువ. మాడ్యూల్‌కి ఆ వేడి కంటే ప్రమాదం, ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో వదిలేయడం. మామూలు కిట్లలో ట్రాన్సిస్టర్ ఆన్ స్థితిలో ఆగిపోతే 4 ఆంపియర్లు ఆగకుండా పారతాయి. అది 48 వాట్లు, ఓ ల్యాప్‌టాప్ చార్జర్ అంత. ఆ భారమంతా కాయిల్, మాడ్యూల్ మీదే. పెళ్లి ఊరేగింపులో కారు ఆపి పాటల కోసం తాళం తిప్పి ఉంచే అలవాటుంటే సిస్టమ్‌కి ఇగ్నిషన్‌తో సంబంధం లేని లైను వేయించండి. ఇంజిన్ ఆగితే కరెంటు దానంతట కట్ చేసే కిట్లు కూడా ఉన్నాయి, రేటు ఎక్కువైనా మన ఊళ్లకి అవే నయం. బ్యాటరీ కూడా ఆరోగ్యంగా ఉండాలి. వోల్టేజీ బాగా పడిపోయినప్పుడు పాయింట్లు ఎలాగోలా స్పార్క్ ఇస్తాయి, మాడ్యూల్ మొండికేస్తుంది.

దారిలో ఆగిపోతే మాడ్యూల్‌ని అనుమానించే ముందు పాత ఇండికేటర్ బల్బు ఒకటి తీయండి, ఎల్ఈడీ వద్దు. ఒక వైరు కాయిల్ ప్లస్‌కి, ఒకటి మైనస్‌కి. సెల్ఫ్ కొడుతుంటే బల్బు మిణుకుమిణుకుమంటే మాడ్యూల్ బతికే ఉంది, రోటర్, మూత, హెచ్‌టీ వైరు చూడండి. కాయిల్ ప్లస్‌కి కరెంటు వస్తున్నా బల్బు అసలు వెలగకపోతే, లేదా మిణుకు లేకుండా అలాగే వెలుగుతుంటే మాడ్యూల్ పోయినట్టే లెక్క. అరలోంచి పాయింట్ల ప్లేటు, కండెన్సర్ తీసి బిగించండి. గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి. ఫీలర్ గేజ్ లేకపోతే మందపాటి విజిటింగ్ కార్డు దగ్గర దగ్గరగా సరిపోతుంది. డిస్ట్రిబ్యూటర్‌ని తెల్ల గీత మీదికి తిప్పి సెల్ఫ్ కొట్టండి. టైమింగ్ లైట్ సంగతి ఆళ్లగడ్డ చేరాక చూసుకోవచ్చు.