నీటి కాన్పు కోరుకుంటున్నారా? ముందు ఇవి తేల్చుకోండి

నొప్పులు మొదలయ్యాక వేణ్ణీళ్ళు పోయడం మన ఇళ్ళలో పాత పద్ధతే. దొంగ నొప్పులైతే స్నానంతో సర్దుకుంటాయి, అసలువైతే ఊపందుకుంటాయి అనేవారు పెద్దవాళ్ళు. ఆ వేణ్ణీళ్ళే ఇప్పుడు తొట్టిలోకి చేరి ఆస్పత్రి గదిలోకి వచ్చాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 కాన్పులు సిజేరియన్లే. కోత లేకుండా కనాలనుకునే దంపతుల చూపు నీటి కాన్పు మీద పడడంలో వింతేమీ లేదు. కానీ తొట్టి ఫొటో చూసి ఆస్పత్రిని ఎంచుకోవద్దు. ఆ తొట్టి పక్కన ఎవరుంటారు, తేడా వస్తే మిమ్మల్ని అందులోంచి ఎంత త్వరగా బయటికి తీస్తారు అన్నవే అడగాల్సిన మాటలు.

చేయవలసినవి

ముందుగా రెండు సంగతులు విడదీసి చూడండి. నొప్పులు పడేటప్పుడు నీళ్ళలో కూర్చోవడం ఒకటి, బిడ్డను నీళ్ళలోనే కనడం మరొకటి. మొదటిదాని మీద వైద్యుల్లో పెద్ద పేచీ లేదు. నొప్పి ఓర్చుకోవడం తేలికవుతుంది, ఎపిడ్యూరల్ (వెన్నులో ఇచ్చే నొప్పి మందు) అవసరం తగ్గుతుంది. వాదమంతా రెండోదాని మీదే. అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2016లో, తగినన్ని ఆధారాలు లేవు కాబట్టి బిడ్డ మాత్రం నీటి బయటే పుట్టాలని చెప్పింది. బ్రిటన్‌లో జరిగిన 'పూల్' అధ్యయనం 2024లో వెలువడింది. ముప్పు లక్షణాలేవీ లేని 73 వేల మందికి పైగా తల్లుల రికార్డులు చూస్తే, నీళ్ళలో కన్నవారికి, బయటికి వచ్చి కన్నవారికంటే ఎక్కువ ప్రమాదం కనిపించలేదు. అయితే ఆ తల్లుల పక్కన ఉన్నది కాన్పు చేయడంలో శిక్షణ పొందిన మిడ్‌వైఫ్‌లు. వాళ్ళు లేని తొట్టికి ఈ ఫలితాన్ని అంటగట్టకూడదు. 

మీకు ఇది సరిపడుతుందో లేదో డాక్టరుతో ముందే తేల్చుకోండి. కడుపులో ఒక్క బిడ్డే ఉండాలి, తల కిందికి తిరిగి ఉండాలి, 37 వారాలు నిండాలి. కవలలు, ఎదురుకాళ్ళ బిడ్డ, బీపీ, ఇన్సులిన్‌తో అదుపు చేస్తున్న షుగరు, జ్వరం, రక్తస్రావం ఉంటే తొట్టి మాట మరిచిపోవడమే మంచిది. ఉమ్మనీటిలో బిడ్డ మలం కలిసినా అంతే. ఇంతకు ముందు సిజేరియన్ అయినవారి విషయంలో ఒక్కో ఆస్పత్రిది ఒక్కో పద్ధతి.

హిమోగ్లోబిన్ సంగతి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాలి. కాన్పులో గుడ్డ మీద పడిన రక్తం ఎంతో తూకం వేసి చెప్పొచ్చు. నీళ్ళలో కలిసిన రక్తం ఎంతో రంగు చూసి ఊహించాల్సిందే, ఆ ఊహ తప్పొచ్చు. మన రెండు రాష్ట్రాల్లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని పైన చెప్పిన సర్వేనే తేల్చింది. రక్తం తక్కువున్న మనిషి కొద్దిపాటి స్రావాన్నీ తట్టుకోలేదు. ఐరన్ మాత్రలు మానకండి. ఏడో నెలలో మరోసారి రక్తపరీక్ష చేయించుకోండి. మాయ పడే వేళకు తొట్టిలోంచి బయటికి తెస్తారా అని కూడా అడగండి.

మొదటి కాన్పు పుట్టింట్లో అనే ఆనవాయితీ ఉంటే, ఏ ఊళ్ళో కంటారో ఐదో నెలలోనే నిర్ణయించుకోండి. తొమ్మిదో నెలలో కొత్త ఆస్పత్రికి వెళ్ళి నీటి కాన్పు కావాలంటే కుదరదు. ఈ సౌకర్యం ఉన్న చోట్లు తక్కువ. హైదరాబాద్‌లో ఫెర్నాండెజ్ ఆస్పత్రుల సంస్థ 2011 నుంచి మిడ్‌వైఫ్‌లకు శిక్షణ ఇస్తోంది. కొచ్చిలో బర్త్‌విలేజ్ అనే ప్రసూతి కేంద్రం ఉంది. తెలంగాణ ప్రభుత్వం కూడా 2017లో కరీంనగర్‌లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. ప్రభుత్వ ఆస్పత్రిలో తొట్టి దొరక్కపోయినా, నడుస్తూ, కూర్చుంటూ, నచ్చిన భంగిమలో నొప్పులు పడనిచ్చే మిడ్‌వైఫ్ దొరికితే సగం పని అయినట్టే. నడుముకు షవర్ నీళ్ళు పట్టించుకోవడం, వెన్ను రుద్దించుకోవడం కూడా నొప్పి తగ్గించేవే.

ఆస్పత్రిలో ఈ ప్రశ్నలు మొహమాటపడకుండా అడగండి. నీటి వేడి 37.5 డిగ్రీలు దాటకుండా గంటగంటకూ చూస్తారా? బిడ్డ గుండె చప్పుడు వినడానికి నీళ్ళలో పనిచేసే డాప్లర్ ఉందా? మొదట్లో 15 నిమిషాలకోసారి, ముక్కే దశలో 5 నిమిషాలకోసారి వింటారా? తల్లి స్పృహ తప్పితే ఎలా పైకి తీస్తారో సిబ్బంది ఎప్పుడైనా సాధన చేశారా? ఆపరేషన్ థియేటర్ ఏ అంతస్తులో ఉంది? మధ్యలో సిజేరియన్‌కు మారితే బిల్లెంత? చివరి ప్రశ్నకు తడుముకునే ఆస్పత్రి మిగతావాటికీ తడుముకుంటుంది.

చేయకూడనివి

గాలి తొట్టి ఆన్‌లైన్‌లో తెప్పించి ఇంట్లో ప్రయత్నించకండి. 2018 జులైలో తమిళనాడులోని తిరుప్పూర్‌లో, యూట్యూబ్ చూసి ఇంట్లో కాన్పు చేయబోతే ఒక ఉపాధ్యాయురాలు రక్తస్రావంతో ప్రాణాలు కోల్పోయింది. అక్కడ తొట్టి లేదు. ఉన్నా ఆ రక్తాన్ని ఆపేది కాదు.

నీళ్ళను ముందు రోజే నింపి వేడిగా ఉంచకండి. గోరువెచ్చగా నిలవున్న నీళ్ళలో లెజియోనెల్లా అనే బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇంగ్లండ్‌లో 2014లో అలా వేడి చేస్తూ తిప్పుతూ ఉంచిన ఇంటి తొట్టిలో పుట్టిన శిశువుకు తీవ్రమైన న్యుమోనియా వస్తే, అక్కడి ప్రజారోగ్య సంస్థ అలాంటి తొట్లను వాడొద్దని హెచ్చరించింది. ఇక బోరు నీళ్ళు, ట్యాంకర్ నీళ్ళు, ఎప్పుడు కడిగారో తెలియని మేడమీది ట్యాంకు నీళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. మంచిదని పసుపు, నూనె కూడా కలపొద్దు.

నొప్పులు సరిగా పట్టకముందే తొట్టిలో దిగకండి. అవి మందగించే అవకాశం ఉంది. నిద్రమత్తు తెప్పించే నొప్పి ఇంజెక్షన్ తీసుకున్న రెండు గంటల లోపు అసలే వద్దు. ఒంటరిగా ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. మంచినీళ్ళు తాగడం మరవకండి, చెమట పట్టినా నీళ్ళలో తెలియదు.

బిడ్డ నీళ్ళలో పుడితే ఫొటో కోసం లోపల ఉంచమనకండి. మొహానికి గాలి తగిలేదాకా బిడ్డ సాధారణంగా ఊపిరి తీసుకోదు. అందుకే వెంటనే, మొహం ముందుగా పైకి తీసుకురావాలి. ఒకసారి పైకొచ్చిన మొహం మళ్ళీ నీళ్ళలో మునగకూడదు. అలాగని గబుక్కున లాగకూడదు, తాడు పొట్టిగా ఉంటే తెగి బిడ్డ రక్తం పోతుంది.

ముహూర్తం పెట్టించుకుని నీటి కాన్పు అడగొద్దు. రెండూ కుదిరే పని కాదు.

అన్నిటికంటే ముఖ్యం, మిడ్‌వైఫ్ "లేవండమ్మా" అంటే వాదించకండి. బయటికి రావడం ఓటమి కాదు, పక్కనున్న భర్త, అమ్మ, అత్తగారు కూడా ఆ మాట ముందే అనుకుని ఉండాలి. 36వ వారం నిండేలోగా ఒకసారి ఆ గదికి వెళ్ళి, తొట్టిలోంచి మంచం దాకా, మంచం నుంచి థియేటర్ దాకా దారి మీ కళ్ళతో చూసి రండి.