108లో తొలి ఉద్యోగం ఎలా?

ప్రశ్న: నా వయసు 22. బీజెడ్‌సీతో డిగ్రీ పూర్తయింది. 108 అంబులెన్స్‌లో ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్)గా చేరాలని ఉంది. ఎక్కడికెళ్లినా అనుభవం అడుగుతున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ చదువు ఈ పనికి పనికొస్తుంది. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న 108 మొదలైనప్పటి నుంచీ లైఫ్ సైన్సెస్ డిగ్రీవాళ్లను తీసుకుని, శిక్షణ ఇచ్చాకే బండెక్కిస్తున్నారు. అయితే దీన్ని నిర్వహించేది కాంట్రాక్టు సంస్థ. ప్రభుత్వ ఉద్యోగం అనుకుని చేరకండి. మొదట్లో జీతం తక్కువే, షిఫ్టు 12 గంటలు.

అనుభవం కోసం ముందు ఏదైనా ఆసుపత్రి క్యాజువాలిటీలోనో, ప్రైవేటు అంబులెన్స్‌లోనో చేరండి. కొన్ని నెలలు చాలు. బీపీ చూడటం, ఆక్సిజన్ పెట్టడం, విరిగిన కాలికి కదలకుండా కట్టు కట్టడం చేతికి అలవాటు కావాలి. ఇంటర్వ్యూలో బొమ్మ మీద సీపీఆర్ చేసి చూపమనొచ్చు. నిమిషానికి 100 నుంచి 120 నొక్కులు, కనీసం 5 సెంటీమీటర్ల లోతు, ప్రతి 30 నొక్కులకు 2 శ్వాసలు. పుస్తకంలో చదివితే ఇది రాదు, మోకాళ్ల మీద కూర్చుని చెమట పట్టేదాకా సాధన చేయాలి.

బండిలో పైలట్ (డ్రైవర్), మీరు, ఇద్దరే. డాక్టరు ఫోన్లో సలహా ఇస్తారు. దారిలో కాన్పు చేయాల్సి రావచ్చు, రోగి చనిపోనూ వచ్చు. అందుకు మనసు సిద్ధంగా ఉంటేనే రండి.

ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరు డబ్బడిగినా ఒక్క రూపాయి ఇవ్వకండి.