చెవికి అందే పట్టిక

గుడివాడలో కంప్యూటర్ కోర్సు పూర్తిచేసిన పెదపారుపూడి అమ్మాయికి ఓ రైస్ మిల్లులో లెక్కలు రాసే పని దొరికిందనుకుందాం. ఎక్సెల్‌లో రైతు పేరు, ఊరు, బస్తాలు, రావాల్సిన సొమ్ము వేసింది. డబ్బు ముట్టిన వరుసకు ఆకుపచ్చ రంగు, ముట్టని వరుసకు ఎరుపు రంగు అద్దింది. చూడటానికి ముచ్చటగానే ఉంది. ఇప్పుడు తెర ఆపేసి, తెరమీది రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో అదే పట్టికను వినండి. పేర్లు వినిపిస్తాయి, బస్తాలు వినిపిస్తాయి. ఎవరికి డబ్బు ముట్టిందో మాత్రం తెలియదు. ఆ సంగతి రంగులోనే ఉండిపోయింది. ‘చెల్లింపు’ అని ఇంకో నిలువు వరుస పెట్టి ‘ముట్టింది’, ‘ముట్టలేదు’ అని రాస్తే సరిపోయేది. రంగు కావాలంటే ఉంచుకోవచ్చు.

ఎక్సెల్ నేర్చుకుంటున్న పిల్లలకు నేను చెప్పదలచుకున్నది ఇదే. మీ పట్టికను కంటితో ఒకసారి, చెవితో ఒకసారి సరిచూసుకోండి. ఫార్ములాలు వచ్చినవాళ్లు ప్రతి ఇంటర్వ్యూకీ వస్తారు. ఈ అలవాటు ఉన్నవాళ్లు అరుదు.

చెవికి అందే చదువు ఏం చేయగలదో చూడండి. మన మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో 1991లో పుట్టిన శ్రీకాంత్ బొల్లాకు పుట్టుకతోనే చూపు లేదు. పదో తరగతి తర్వాత సైన్స్ చదువుతానంటే అధికారులు కుదరదన్నారు. బొమ్మలు, గ్రాఫులు చూడలేడన్నది వాళ్లు చెప్పిన కారణం. ఆయన కోర్టుకెళ్లి గెలిచారు. పాఠ్యపుస్తకాలను ఆడియోగా మార్చుకుని విని చదివి ఇంటర్లో 98 శాతం తెచ్చుకున్నారు. తర్వాత అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించి, ఎందరో దివ్యాంగులకు పని చూపించారు. 2024లో వచ్చిన ‘శ్రీకాంత్’ సినిమా ఆయన కథే. ఆ పుస్తకాల్లోని పాఠం మారలేదు, అందే దారి మారింది. పట్టిక తయారుచేసేవాళ్ల చేతిలో ఉన్నదీ ఆ దారే.

కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేసుకోండి. చూపులేని ఇద్దరు ఆస్ట్రేలియా యువకులు తయారుచేసిన ఈ ప్రోగ్రాం పని 2006లో మొదలైంది. ఇది ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. దానితో మీ పట్టికను వింటే మీ తప్పులు మీకే పట్టుబడతాయి. అందం కోసం నాలుగు గడులను కలిపి ఒకటి చేస్తే, వినేవాళ్లకు ఏ అంకె ఏ శీర్షిక కిందిదో తెలియకుండా పోతుంది. మధ్యలో ఖాళీ వరుసలు వదిలితే పట్టిక అక్కడితో అయిపోయిందనుకుంటారు. కంట్రోల్, టీ నొక్కి వివరాలను టేబుల్‌గా మార్చి, శీర్షికలు ఉన్నాయని టిక్ పెట్టండి. ‘షీట్1’ అని వదిలేయకుండా ‘ఖరీఫ్ ధాన్యం’ అని పేరు పెట్టండి. చార్టుకు ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మకు బదులు వినిపించే వివరణ) రాసేటప్పుడు ‘బార్ చార్టు’ అని ఊరుకోకుండా, అందులో ఏది పెరిగిందో ఏది తగ్గిందో చెప్పండి.

తెలుగుకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. డీటీపీ సెంటర్ల పాత ఫాంట్లలో కొట్టిన తెలుగు తెరమీద తెలుగులాగే కనిపిస్తుంది. స్క్రీన్ రీడర్‌లో మాత్రం అర్థంలేని ఇంగ్లిష్ అక్షరాలుగా వినిపిస్తుంది. అందుకే యూనికోడ్‌లోనే టైపు చేయాలి. పింఛను లబ్ధిదారుల జాబితాను ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టినా అంతే, చూపులేని మనిషి తన పేరు అందులో ఉందో లేదో ఇంకొకరిని అడగాల్సి వస్తుంది. తన పింఛను సంగతి తానే చూసుకోవాలని ఎవరికి ఉండదు?

ఎక్సెల్ రివ్యూ మెనూలో ‘చెక్ యాక్సెసిబిలిటీ’ ఉంటుంది. కలిపేసిన గడులను, ఆల్ట్ టెక్స్ట్ లేని బొమ్మలను అది పట్టిస్తుంది. మీరు రాసిన వివరణకు అర్థముందో లేదో దానికి తెలియదు. ఆ వివరణను మనిషి వినాల్సిందే. వీలైతే స్క్రీన్ రీడర్ రోజూ వాడేవాళ్లచేత చూపించుకోండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించి, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. డిజిటల్ సేవలు అందరికీ అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే మీరు పంపే ఫైలును చెవితో చదివే సహోద్యోగి పక్క కుర్చీలోనే ఉండవచ్చు. సాఫ్ట్‌వేర్ రంగంలో ఇలాంటి అందుబాటును పరీక్షించే యాక్సెసిబిలిటీ టెస్టర్ అనే కొలువే ఉంది. ఆ దారిలో వెళ్లాలనుకుంటే యాక్సెసిబిలిటీ మీద ఐఏఏపీ అనే సంస్థ నిర్వహించే సీపీఏసీసీ పరీక్ష గురించి తెలుసుకోండి. చూపులేని యువతీ యువకులు కూడా ఈ కొలువు వైపు చూడాలి. రోజూ వాడి వాడి వాళ్లకు అలవడిన స్క్రీన్ రీడర్ పట్టు ఇక్కడ నేరుగా అక్కరకొస్తుంది.

ఈ వారమే మీ పాత ఫైలు ఒకటి తీసి సరిచేయండి. సరిచేయక ముందుది, చేసిన తర్వాతది రెండూ దాచుకోండి. ఇంటర్వ్యూలో ఎక్సెల్ వచ్చా అని అడిగినప్పుడు ఆ రెండింటినీ పక్కపక్కన తెరిచి, ఏది ఎందుకు మార్చారో చెప్పండి.