చెరువు పటములు – వాని పట్టిక

గ్రామమందలి చెరువు 40 ఏండ్లలో ఎంత కుంచించుకొనిపోయినదో చెప్పుటకు పూర్వము వృద్ధుల జ్ఞాపకమే ఆధారము. నేడు ఉపగ్రహ చిత్రములు కూడ సాక్ష్యమిచ్చుచున్నవి. అమెరికా వారి లాండ్‌శాట్ ఉపగ్రహములు 1972 నుండి భూమిని చిత్రించుచున్నవి. 2008 నుండి ఆ చిత్రములు అందరికిని ఉచితము. వాని సాయముననే ఐరోపా సమాఖ్యకు చెందిన సంయుక్త పరిశోధన కేంద్రము వారు 1984 మొదలుగా నీరు నిలిచిన తావుల పటములను సిద్ధపరచి 2016లో వెల్లడించిరి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రము వారి ‘భువన్’ నందును పెక్కు పటములు కలవు.

పటము దొరకినంతనే పని ముగియదు. దానిని ఎవరు తయారుచేసిరి, ఏ తేదీ చిత్రము, ఒక్కొక్క గడి నేలపై ఎంత మేర, వాడుకొనుటకు షరతులేవి అను సంగతులను పట్టికలో వ్రాసికొనవలెను. అన్నిటిలో తేదీ ముఖ్యము. పాత అక్టోబరు చిత్రము ప్రక్కన క్రొత్త మే చిత్రమునుంచి ఆక్రమణ జరిగినదని ఫిర్యాదు చేసినచో, ‘వేసవిలో ఏ చెరువు ఎండదు?’ అని అవతలివారు సులభముగా తప్పించుకొందురు.

లాండ్‌శాట్ గడి 30 మీటర్ల చదరము, అనగా సుమారు 22 సెంట్లు. గట్టువెంట 5 సెంట్లు కలుపుకొన్న పొలము దానియందు తేలదు. ఐరోపా వారి సెంటినెల్-2 గడి 10 మీటర్లే, కాని ఆ చిత్రములు 2015 నుండి మాత్రమే లభించును. గుఱ్ఱపుడెక్క కప్పిన నీరు నేలగా లెక్కకు రావచ్చును. ఇట్టి సందేహములనుగూడ పట్టికలో చేర్చి, చెరువు హద్దులను గ్రామ సర్వే పటముతో సరిచూచుకొనవలెను.