కాలు తీసినా ఇంజన్ రేజ్ అవుతోందా?

సందేహాలు – సమాధానాలు

యాక్సిలరేటర్ మీద కాలు లేకపోయినా ఇంజన్ జోరుగా తిరుగుతోందని ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్ని అసలు జబ్బే కావు. మిగిలిన వాటిలోనూ చాలావరకు బోనెట్ ఎత్తి ఓపిగ్గా చూస్తే దొరికేవే.

కొత్త కారు. చలికాలం పొద్దున స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎం ముల్లు 1500 దాకా లేస్తోంది. రెండు మూడు నిమిషాలకు 800కి దిగుతోంది. ఇంజన్ అరిగిపోతుందేమోనని భయంగా ఉంది.
– ఆదిలాబాద్ పాఠకుడు

మీ ఇంజన్‌కు ఏమీ కాలేదు, నిశ్చింతగా ఉండండి. చల్లగా ఉన్న ఇంజన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. పొగ గొట్టంలోని కేటలిటిక్ కన్వర్టర్ కూడా త్వరగా వేడెక్కాలి. అందుకని కారులోని కంప్యూటరే కాసేపు వేగం పెంచి ఉంచుతుంది. మొదట్లో 1200 నుంచి 1500 దాకా ఉండడం, ఇంజన్ వేడెక్కేకొద్దీ మెల్లగా దిగి 700–850 దగ్గర నిలవడం మామూలే. పది పదిహేను నిమిషాలు నడిపాక కూడా ముల్లు వెయ్యి దాటే ఉంటే అప్పుడు చూపించండి.

ఏసీ వేస్తే ఐడ్లింగ్ పెరుగుతోంది, మళ్లీ తగ్గుతోంది. ఇలా ఊగుతుంటే ఏదో పాడైనట్టే కదా?
– నెల్లూరు పాఠకురాలు

కాదమ్మా. ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజనే. ఆ బరువు మీద పడగానే ఆగిపోకుండా కంప్యూటర్ వేగాన్ని కాస్త పెంచుతుంది, కంప్రెసర్ ఆగగానే తగ్గిస్తుంది. వంద, నూటయాభై తేడా లెక్కలోకి రాదు. ఏసీ కట్టేసి, ఇంజన్ వేడెక్కాక కూడా ముల్లు 700కీ 1300కీ మధ్య ఊగుతుంటే మాత్రం ఎక్కడో గాలి లీకవుతోందని అనుమానించాలి.

మేం డాలస్‌లో ఉంటాం. ఉష్ణోగ్రత సున్నా కిందికి పోయిన రోజుల్లో మా కారు ఇండియాలో ఎప్పుడూ వినని జోరుతో మోగుతోంది. అది తగ్గేదాకా కదలకుండా కూర్చోవాలా?
– టెక్సస్ నుంచి ఒక పాఠకుడు

అంత చలిలో ముల్లు ఇంకాస్త పైకి లేవడం, దిగడానికి ఇంకాస్త సమయం పట్టడం సహజం. అక్కడే కూర్చుని వేడెక్కించాల్సిన పని లేదు. అర నిమిషమో నిమిషమో ఆగి, మొదటి కొద్ది కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ఇంజన్ అలాగే త్వరగా వేడెక్కుతుంది. ఒక్కటి మాత్రం మరవకండి: గరాజ్ తలుపు మూసి ఇంజన్ ఆన్‌లో ఉంచకూడదు. తలుపు తెరిచి ఉన్నా లోపల అలా వదిలేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, అది ప్రాణం తీస్తుంది.

బ్యాటరీ మార్చిన రోజు నుంచీ ఐడ్లింగ్ 1200 ఉంటోంది. బ్యాటరీ వేసినవాళ్లు ఏదైనా వైరు పాడుచేశారా?
– ఖమ్మం పాఠకుడు

వాళ్లను అప్పుడే అనుమానించకండి. బ్యాటరీ తీసినప్పుడు కంప్యూటర్ తాను నేర్చుకున్న ఐడ్లింగ్ లెక్కను మరిచిపోవచ్చు. ఇంజన్‌ను పూర్తిగా వేడెక్కనివ్వండి. ఏసీ, లైట్లు అన్నీ ఆపి, యాక్సిలరేటర్ ముట్టకుండా పది నిమిషాలు వదిలేయండి. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు చూసి, ఒక పాతిక కిలోమీటర్లు తిరిగి రండి. చాలా కార్లు ఈపాటికి దారిలో పడతాయి. కొన్ని మోడళ్లకు మాత్రం స్కానర్ పెట్టి నేర్పించాలి. రెండు మూడు రోజులకూ మార్పు లేకపోతే సర్వీస్ సెంటర్‌కు వెళ్లి అదే అడగండి.

పన్నెండేళ్ల పెట్రోలు కారు. ఎంత వేడెక్కినా 1400కి తగ్గడం లేదు. షెడ్డులో త్రాటిల్ బాడీ మొత్తం మార్చాలన్నారు. డబ్బు పెట్టే ముందు ఇంట్లో నేనే చూసుకోగలిగింది ఏమైనా ఉందా?
– తెనాలి నుంచి విశ్రాంత ఉపాధ్యాయుడు

ఉంది మాస్టారూ, చాలానే ఉంది. పెట్రోలు ఇంజన్ వేగాన్ని నిర్ణయించేది లోపలికి వెళ్లే గాలి. యాక్సిలరేటర్ మీద కాలు తీసినా ఇంజన్ జోరుగా తిరుగుతోందంటే, త్రాటిల్ పూర్తిగా మూసుకోకపోవచ్చు, గాలి వేరే దొంగదారిన వస్తుండవచ్చు, లేదా ఇంజన్ ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్ పొరబడుతుండవచ్చు. మొత్తం మార్చే మాట తర్వాత.

ముందు ఇంజన్ ఆపి, కాలికింద మ్యాట్ చూడండి. కంపెనీ మ్యాట్ మీద ఇంకో రబ్బరు మ్యాట్ పరిచే అలవాటు మనవాళ్లకు ఎక్కువ, అది పెడల్‌ను నొక్కి పట్టేస్తుంది. మీ కారుకు యాక్సిలరేటర్ కేబుల్ ఉంటే, త్రాటిల్ దగ్గర దాన్ని వేలితో కదిపితే రెండు మూడు మిల్లీమీటర్లు వదులు తెలియాలి. బిగుసుకుని ఉంటే సర్దించండి.

తర్వాత ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్ దాకా ఉన్న ప్రతి రబ్బరు పైపునూ వంచి చూడండి. మన ఎండలకు రబ్బరు పెళుసుబారి, పైకి బాగానే కనిపిస్తూ అడుగున చీలి ఉంటుంది. ఇంజన్ మూత నుంచి వచ్చే బ్రీదర్ పైపునూ, దాని పీసీవీ వాల్వునూ వదలకండి. ఇక ఇంజన్ ఆన్ చేయించి ‘స్స్’మనే శబ్దం కోసం వినండి. గజం పొడవు పాత నీళ్ల పైపు ఒక కొస చెవి దగ్గర, రెండో కొస అనుమానం ఉన్నచోట పెడితే లీకు స్పష్టంగా వినిపిస్తుంది. సన్న పైపులను ఒక్కొక్కటిగా వేళ్లతో నొక్కి పట్టండి. ఏది నొక్కినప్పుడు వేగం ఒక్కసారిగా పడిపోతుందో, ఆ దారినే ఎక్కువ గాలి వెళుతోందన్నమాట. బెల్టుకు, ఫ్యానుకు దూరంగా ఉండండి. కండువా, వదులు చొక్కా చేతులు పనికిరావు. లీకు కోసం క్లీనర్ స్ప్రే కొట్టమని కొందరు చెబుతారు. వేడి ఇంజన్ మీద అది భగ్గున అంటుకోగలదు, ఆ పని ఇంట్లో వద్దు.

ఊరెళ్లి రెండు నెలలకు వచ్చి స్టార్ట్ చేస్తే ఇంజన్ రేజ్ అవుతోంది. వెళ్లేముందు బాగానే ఉంది. వాడకపోతే ఇంజన్ పాడవుతుందా?
– అమలాపురం పాఠకురాలు

ఇంజన్ అంత తొందరగా పాడవదు. వరి పొలాల పక్కన రెండు నెలలు నిలిపిన బండి అంటే నా అనుమానం ఎలుక మీదే. కొరికిన పైపులు, వైర్ల తునకలు, ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. పైపు మార్చడం చిన్న పని. వైరు రాగి కనిపించేలా కొరికి ఉంటే మాత్రం బండి తీయకుండా మెకానిక్‌ను ఇంటికే పిలిపించండి.

త్రాటిల్ బాడీ మసిపడితే ఐడ్లింగ్ పెరుగుతుందంటారు. నేనే శుభ్రం చేసుకోవచ్చా? ఏదైనా తేడా వస్తుందేమోనని చెయ్యి రావడం లేదు.
– వరంగల్ పాఠకుడు

ఆ జంకు మంచిదే, కానీ ఇది చేయదగిన పనే. ఇంజన్ చల్లారాక, తాళం చెవి తీసేసి, గాలి పైపు విప్పి, త్రాటిల్ బాడీ క్లీనర్‌ను మెత్తని గుడ్డ మీద కొట్టి రేకు అంచునూ చుట్టూ ఉన్న గోడనూ తుడవండి. కేబుల్ ఉన్న కార్లలో రేకును చేత్తో తెరవవచ్చు. కేబుల్ లేని ఎలక్ట్రానిక్ త్రాటిల్‌ను వేలితో బలవంతంగా తోయకండి, లోపలి ప్లాస్టిక్ పళ్లు విరుగుతాయి. పాత కార్లలో త్రాటిల్ పక్కన ఐడ్లింగ్ గాలిని సరిచేసే చిన్న వాల్వు ఉంటుంది. అది మసితో తెరుచుకుని బిగుసుకుపోయినా వేగం దిగదు. శుభ్రం చేసిన మొదటి రోజు ఐడ్లింగ్ ఇంకా పెరిగితే భయపడకండి: మసి పోయి గాలి ఎక్కువ వెళుతోంది. ఖమ్మం పాఠకుడికి చెప్పిన పద్ధతే పాటించండి.

త్రాటిల్ పక్కన ఒక స్క్రూ ఉంది. అది తిప్పితే ఐడ్లింగ్ తగ్గుతుందని పక్కింటాయన అన్నారు. తిప్పనా?
– ఒంగోలు పాఠకుడు

తిప్పకండి. కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800, అంబాసిడర్ రోజుల్లో అది సరైన సలహాయే, ఆ స్క్రూ అందుకే పెట్టారు. ఇంజెక్షన్ కార్లలో అది కంపెనీ ఒకసారి బిగించి వదిలేసిన హద్దు. దాన్ని కదిపితే కంప్యూటర్ లెక్క తప్పుతుంది, అసలు లోపం అలాగే మిగులుతుంది. ఇప్పటికే తిప్పి ఉంటే మెకానిక్‌తో ఆ మాట దాచకుండా చెప్పండి, ఆయనకు సగం శ్రమ తగ్గుతుంది.

బ్లూటూత్ స్కానర్ కొని పెడితే పి0507 అని వచ్చింది. ఇంజన్ లైటు కూడా వెలుగుతోంది. పెద్ద ఖర్చేనా?
– హైదరాబాద్, కూకట్‌పల్లి పాఠకుడు

లైటు చూడగానే గుండె గుభేలుమంటుంది, నిజమే. కానీ ఆ కోడ్‌కు అర్థం ‘ఐడ్లింగ్ ఉండాల్సిన దానికంటే ఎక్కువగా ఉంది’ అని మాత్రమే. మీకు తెలిసిందే అదీ చెబుతోంది, ఫలానా భాగం మార్చమని కాదు. దానికి తోడుగా పి0171 ఉంటే గాలి లీకు వెతకండి. అదే స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి: రాత్రంతా నిలిపిన కారులో పొద్దున అది బయటి వేడికి దగ్గరగా ఉండాలి, నడిపాక 85–95 డిగ్రీలకు చేరాలి. హైదరాబాద్‌లో మైనస్ 40 చూపిస్తోందంటే సెన్సరో దాని వైరో తెగినట్టే, పాపం కంప్యూటర్ మంచులో ఉన్నామనుకుంటోంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం కూడా చూసుకోండి. వేడి మీద రేడియేటర్ మూత విప్పవద్దు.

ఆటోమేటిక్ కారు. సిగ్నల్ దగ్గర బ్రేక్ మీద కాలున్నా ముందుకు తోస్తున్నట్టుంది. పిల్లలను స్కూలుకు దించేది నేనే, రోజూ భయంగా ఉంటోంది.
– విశాఖపట్నం పాఠకురాలు

మీ భయంలో అర్థముంది. ఆటోమేటిక్ కారు డి గేరులో మెల్లగా పాకడం మామూలే, చల్లని ఇంజన్‌తో అది ఇంకాస్త ఎక్కువ. అందుకే పొద్దున ముల్లు దిగాకే గేరు వేయండి. ఇంజన్ వేడెక్కాక కూడా బ్రేకును గట్టిగా తొక్కి పట్టాల్సి వస్తుంటే మాత్రం సర్వీస్ దాకా ఆగకండి, ఈ వారంలోనే చూపించండి. అప్పటిదాకా పెద్ద సిగ్నళ్ల దగ్గర బ్రేక్ పట్టి న్యూట్రల్‌లో పెట్టుకోండి.

ఐడ్లింగ్ పెరిగిన దగ్గర నుంచి బ్రేక్ పెడల్ రాయిలా గట్టిపడింది. తొక్కితే బుస్సుమంటోంది. రెండూ ఒకటేనా?
– అనంతపురం పాఠకుడు

ఒకటే అయి ఉండవచ్చు. ఈ ఉత్తరానికి మాత్రం నేను ధైర్యం చెప్పి ఊరుకోలేను: కారు తీయకండి. బ్రేకుకు బలమిచ్చే బూస్టర్ ఇంజన్ పీల్చే గాలితోనే పనిచేస్తుంది. దాని పొరో పైపో చిరిగితే గాలి ఇంజన్‌లోకి దూరి వేగం పెరుగుతుంది, బ్రేకు బరువెక్కుతుంది. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, అలాగే తొక్కి పట్టి స్టార్ట్ చేయండి. పెడల్ కాస్త కిందికి దిగకపోతే మెకానిక్ మీ ఇంటికి రావాలి, మీరు షెడ్డుకు వెళ్లకూడదు.

బీఎస్–6 డీజిల్ బండి. ఒక్కోసారి ఆపబోతే ఐడ్లింగ్ వెయ్యి దగ్గర ఉంటోంది, ఫ్యాను హోరు, కాలిన వాసన. రెండు రోజుల్లో అదే సర్దుకుంటోంది. ఇంజన్ మంటెత్తుతుందా?
– నిజామాబాద్ పాఠకుడు

లేదు, బండి తన మసిని తానే కాల్చుకుంటోంది. పొగ గొట్టంలోని డీపీఎఫ్ ఫిల్టర్ నిండినప్పుడు ఇలా జరుగుతుంది. వీలైతే అప్పుడు ఇంజన్ ఆపకుండా ఇంకో పావుగంట రోడ్డు మీద నడపండి. ఎండుగడ్డి మీద మాత్రం నిలపకండి, అడుగున విపరీతమైన వేడి ఉంటుంది. అరుదైన ప్రమాదం వేరే ఉంది: డీజిల్ ఇంజన్ దట్టమైన పొగతో దానంతటదే వేగం పెంచుకుంటూ పోయి, తాళం తిప్పినా ఆగకపోతే టర్బో గుండా ఇంజన్ ఆయిలే కాలుతోందని అర్థం. గేర్ల బండి నిలిచి ఉంటే బ్రేకు, హ్యాండ్‌బ్రేకు గట్టిగా పట్టి, పై గేరులో వేసి క్లచ్ వదిలి ఆపేయాలి. అది కుదరకపోతే అందరినీ దింపి దూరంగా వెళ్లిపోండి.

ఉత్తరం రాసేవారికి ఒక మనవి: కారు మోడల్, కొన్న సంవత్సరం, ఇంజన్ వేడెక్కాక ఏసీ ఆపి చూసిన ఆర్‌పీఎం ఎంతో తప్పక రాయండి. బ్రేకు గట్టిపడినవారు, వేగం దానంతటదే పెరుగుతున్నవారు మా జవాబు కోసం ఎదురుచూడకుండా వెంటనే మెకానిక్‌ను పిలవండి.