మూతపడిన కొట్లు – కాపురపు టిండ్లు

మూతపడిన కొట్టుగదిని నివాసగృహముగా మార్చుట మంచిదే. కాని షట్టరు వెనుక మంచము వేసినంతమాత్రమున అది ఇల్లు కాజాలదు. ఇట్టి మార్పులను సులభతరము చేసిన ఇంగ్లండులో ఇరుకైన చీకటి గదులు బయలుదేరుటచే, 2021 నాటికి ప్రతి నివాసపు గదికి సహజమైన వెలుతురును, ఇంటికి కనీసము 37 చదరపు మీటర్ల వైశాల్యమును విధించిరి.

నగరము గ్రామమున 2014 జూన్ 27న సహజవాయు గొట్టము ప్రేలి ఇండ్లును కొట్లును దగ్ధమైనవి, పలువురు మరణించిరి. షట్టరు తప్ప వేరు దారిలేని గదిలో నిప్పంటుకొన్నచో కాపురమున్నవారు బయటపడుట యెట్లు?

కావున, పంచాయతీ సభ్యులారా, గదిని స్వయముగా చూచిన పిదపనే అనుమతి నిండని మేము మనవి చేయుచున్నాము. రెండవ ద్వారము, కిటికీ, త్రాగునీటి బావికి దూరముగా మరుగుదొడ్డి ఉండవలెను. లేనిచో ముందు సవరణ, పిదప కాపురము. వాయుగొట్టము చెంతనున్న గదికి అనుమతియే వలదు.